ఎడమ చెవి కోసిన పెట్టె

అరుణకుమారి చేతిలో ఉలి ఉంది. ఎదురుగా బల్ల మీద రెండు పెట్టెలు ఉన్నాయి. రెండింటికీ టేకు చట్రం, పైన మార్కాపురం నల్లపలక, పలకకు చేసిన గుండ్రటి రంధ్రాల్లోంచి పైకి లేచిన రెండేసి గాజు వాల్వులు, ముందువైపు రెండు నాబులు, వెనకవైపు కరెంటు తీగ. కవల పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టినట్టు ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకటి ఆ ఆదివారం పగలాలి. ఏది పగలాలో ఆమె చెప్పాలి.

నేను గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. చదువుకుందామని తెచ్చుకున్న పుస్తకం ఒళ్లోనే ఉండిపోయింది. డెబ్బై మూడేళ్ల వయసులో గుండె అంత గట్టిగా కొట్టుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ పెట్టెలు చేసినవాడు అరుణ తండ్రి యల్లయ్య. అర్ధవీడు అవతల ఒక పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట పుట్టాడు. పదిహేనేళ్లప్పుడు ఒక రేడియో చెడిపోతే దాన్ని బాగు చేయించుకు రమ్మని మార్కాపురం పంపారట. రేడియో తిరిగి ఊరికి పోయింది గానీ, యల్లయ్య పోలేదు. ఆ దుకాణంలోనే పనికి కుదిరాడు. తర్వాత సొంత దుకాణం పెట్టుకున్నాడు. అది మా లైబ్రరీకి ఎదురుగా ఉండేది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం అన్నం తిని అక్కడే కూర్చునేవాణ్ణి. రిటైరయ్యాక పొద్దుటి నుంచే కూర్చుంటున్నాను.

వాల్వు రేడియోలు పోయాయి, ట్రాన్సిస్టర్లు వచ్చాయి, అవీ పోయాయి. యల్లయ్య దగ్గర మాత్రం రేకు డబ్బాల నిండా వాల్వులు మిగిలిపోయాయి. రెండువేల తొమ్మిదిలో అనుకుంటాను, విజయవాడ నుంచి ఎవరో పాటల పిచ్చి ఉన్న మనిషి వెతుక్కుంటూ వచ్చి, హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చేసివ్వగలవా అని అడిగాడు. పాట వచ్చే యంత్రానికీ, మనం చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోనుకూ మధ్యలో ఉండే పెట్టె అది. పాటకు బలం ఇస్తుంది. ఇప్పుడు అందరూ గోరంత చిప్పులతో చేస్తున్నారు. వాల్వులతో చేస్తే గొంతుకు వెచ్చదనం వస్తుందని కొందరి నమ్మకం. నమ్మకం ఎందుకు, నేనే విన్నాను. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది.

యల్లయ్య చేసిన మొదటి పెట్టె నోటి మాట మీద ఊళ్లు తిరిగింది. పన్నెండేళ్లలో నలభై దాకా చేశాడు. పైన పలక ఎందుకయ్యా అంటే, "కరెంటు పారదు, వేడికి వంగదు, మనూర్లో రోడ్డు పక్కన కుప్పలు పడుంటది" అనేవాడు. లోపల తీగలన్నీ కలిపాక కాగిన తారు పోసేసేవాడు. చీమలు, బల్లులు దూరకుండా అన్నమాట. తారు గట్టిపడ్డాక ఆ పెట్టెను తెరవడానికి ఒకటే దారి. పలక పగలగొట్టాలి. పలకతో పాటు పెట్టె పోతుంది.

బయటికి అన్నీ ఒకటే గానీ, లోపల మూడు రకాలు. మొదటి రకం ఎక్కువ చేశాడు. దాని సంగతి అరుణకు పూర్తిగా తెలుసు, చివరి ఏళ్లలో తండ్రితో కూర్చుని తానే చేసింది గనక. రెండో రకం కొన్ని. మూడో రకం నాలుగంటే నాలుగే. విన్నవాళ్లందరూ అడిగేది ఆ మూడో రకమే. మళ్లీ చేయమంటే యల్లయ్య, "సరుకు అయిపోయింది" అని ఒక్క మాట అని తల తిప్పుకునేవాడు. ఏం సరుకో చెప్పేవాడు కాదు. ఆ రెండు రకాలు చేసిన కాలంలో అరుణ పెళ్లయి, భర్త పని చేసే హైదరాబాదులో ఉంది.

ఆమె గురించి చెప్పాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివిన ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతి. హైదరాబాదు నుంచి తిరిగొచ్చాక తండ్రి దుకాణంలోనే సగం తీసుకుని బోరు మోటర్ల వైండింగ్ పెట్టింది. ఈ పడమటి మెట్టలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో మీకు తెలుసు. వెయ్యి అడుగుల కింద కాలిపోయిన మోటరును ట్రాక్టరు మీద తెచ్చి ఆమె వాకిట్లో పడేస్తారు. పాత రాగి తీగ పీకి, కొత్తది చుట్టి, రెండు రోజుల్లో ఇస్తుంది. "ఆడమనిషి చుట్టిన మోటరు నిలబడతదా?" అన్న రైతులే ఇప్పుడు గిద్దలూరు నుంచి కూడా వస్తారు. కానీ ఆమె మనసు మోటర్ల మీద లేదు. తండ్రి పోయాక ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు నాతో అన్నదో!

"పెద్నాయనా, మోటరు ఎవురైనా చుడతారు. నాయన మూడో రకం నేను చెయ్యలేకపోతే ఆయన దగ్గర నేను నేర్చుకుందేంది?"

యల్లయ్య పెట్టెల లెక్కలు రాసుకున్న నోటుపుస్తకాన్ని చెదలు తినేశాయి. నాలుగు పెట్టెల్లో ఒకటి వరదల్లో పోయింది, రెండు ఎవరి దగ్గరున్నాయో తెలియదు. మిగిలింది ఒకటి. అది కనిగిరిలో ఫోటో స్టూడియో నడిపే మోహన్‌కృష్ణ దగ్గర ఉంది. ఉందని ఆయనకు తెలుసు, ఏదో తెలియదు! ఆయన రెండు పెట్టెలు పాతవి కొన్నాడు. ఒకటి రెండో రకం, ఒకటి మూడో రకం.

"విని చెప్పొచ్చు గదన్నా" అని అరుణ ఫోనులో అడిగితే ఆయన చాలాసేపు నసిగాడు. చివరికి అసలు సంగతి బయటపడింది. ప్రతి దసరాకు కెమెరాలతో పాటు ఈ పెట్టెలకూ ఆయుధ పూజ చేశాడు. వాల్వులు ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి, గాజు మీద పసుపూ కుంకుమా పెట్టాడు. గాజు మీద అచ్చేసిన నంబర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ నాలుగు వాల్వులూ ఏది ఏ పెట్టెదో తెలియకుండా కలిసిపోయాయి. ఇప్పుడు రెండు పెట్టెలూ ఒకేలా బొంగురుగా పాడుతున్నాయి.

"దేవునికి భక్తి కావాల గానీ, వాల్వుకు ఎందుకన్నా స్నానం?" అని అరుణ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వు తల్లీ, నవ్వు. నాకు బుద్ధొచ్చింది. మూడో రకం ఏదో నువ్వు చెప్పు, దాన్ని పగలగొట్టుకో. నీకు లోపలి సంగతి తెలుస్తది, నాకు కొత్తది చేసియ్యి. కానీ ఒక్కటే పగలాల. రెండోది నేను ఇయ్యను. ముందే చెప్తాండా."

ఆ ఒప్పందం మీద ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆయన బస్సు దిగాడు. రెండు పెట్టెలనూ రెండు దిండ్ల మధ్య పెట్టుకుని, ఒళ్లో పసిబిడ్డల్లా మోసుకొచ్చాడు. యల్లయ్య రాసిన ఒక పోస్టుకార్డు కూడా తెచ్చాడు, అందులో చెవి సంగతేమిటో తనకు అంతుపట్టలేదంటూ. చివరి రెండేళ్లు యల్లయ్యకు చెవులు వినపడలేదు. నలభై మందికి పాట వినిపించిన మనిషికి ఫోను మోగినా తెలిసేది కాదు. అందుకని ఎవరికి ఏం చెప్పాలన్నా కార్డు రాసేవాడు. ఆ కార్డు మీద వంకర అక్షరాలతో ఇలా ఉంది:

"మీ రెండు పెట్టెలలో ఎడమ చెవి కోసినది మూడో రకము. కుడి చెవి కోసినది రెండో రకము. మూడో రకమును అమ్మవద్దు. యల్లయ్య."

అరుణ కార్డు చదివి చప్పట్లు కొట్టింది. "అన్నా, ఇదిగో, ఇదిగో చూడు!" అంటూ పెట్టెలను వెలుతురుకు తిప్పింది. పలక మూలన చిన్న గాటు, గోటితో గిల్లినంత. ఒక పెట్టెకు ఒక మూలన, రెండో పెట్టెకు రెండో మూలన. మేమంతా ఇన్నాళ్లూ పలక పెచ్చు లేచిందనుకున్నాం.

"గొర్రెల వాళ్లు మందలు కలిసిపోతే గుర్తు పట్టడానికి చెవి కోస్తారు గదా. నాయన పెట్టెలకు కోసినాడు! మొదటి రకానికి కోత లేదు. దీనికి కుడి, దీనికి ఎడమ. పెద్నాయనా, ఇన్నేళ్లు మన కండ్ల ముందరే ఉంది!"

ముప్ఫై ఏళ్లు పుస్తకాల వెన్నుల మీద నంబర్లు అతికించిన నాకు ఆ గాటు చూస్తే ఒళ్లు జలదరించింది. ఎంత తేలికైన గుర్తు! కాగితం అక్కర్లేదు, సిరా అక్కర్లేదు, చెదలకు భయం లేదు.

అరుణ పెట్టెలను నాబులు తనవైపు ఉండేలా పెట్టుకుంది. ఎడమచేతి వైపు మూలన గాటు ఉన్న పెట్టెను దగ్గరికి జరుపుకుంది. రెండో దాన్ని మోహన్‌కృష్ణ గబుక్కున ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఇదేనా? ఖాయమేనా?"

"ఖాయమన్నా. నాయనే రాసినాడు గదా."

"అయితే కొట్టు. నేను చూడలేను." ఆయన నిజంగానే కళ్లు మూసుకున్నాడు.

అరుణ పలక మధ్యన ఉలి ఆనించి సుత్తితో మెల్లగా ఒక దెబ్బ వేసింది. పలక పగల్లేదు. రేగిపండంత పెచ్చు ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. రెండో దెబ్బకు సుత్తి ఎత్తింది.

"ఏందిమ్మే, ఆ కుడి చెవి దాన్ని పట్టుకోని కొడతాండావు?"

వాకిట్లో శ్రీశైలమ్మ, అరుణ తల్లి. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో గ్లాసులు. పెట్టెలు వచ్చినప్పటి నుంచి పోస్టుకార్డు సంగతి ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాము.

సుత్తి గాలిలోనే ఆగిపోయింది. "కుడి ఏంది మా? ఇది ఎడమ. చూడు, నా ఎడమచెయ్యి ఇటే గదా ఉంది."

"నీ చెయ్యి ఎవురికి కావాల? కోసింది దాని చెవి గదా." శ్రీశైలమ్మ ఫ్లాస్కు కింద పెట్టి లోపలికి వచ్చింది. పెట్టె నాబుల మీద వేలు పెట్టింది. "ఇది దాని మూతి. ఎనక తీగ దాని తోక. మూతి నీ పక్కన పెట్టుకోని ఎడమ, కుడి అంటే ఎట్లమ్మే? గొర్రెల ముందర నిలబడి మేపేటోళ్లను యాడన్నా చూసినావా? మంద ముందు పోతది, మనిషి ఎనక పోతాడు. తోక కాడ నిలబడు. నిలబడి చూడు, ఎడమ ఏదో."

అరుణ బల్ల చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి నిలబడింది. నేనూ లేచాను. అక్కడి నుంచి చూస్తే గాటు కుడివైపుకు మారిపోయింది.

మోహన్‌కృష్ణ కళ్లు తెరిచాడు. తన ఒళ్లో ఉన్న పెట్టెను చూసుకున్నాడు. "అంటే... నేను దాచిపెట్టుకున్నదే మూడో రకమా?"

"అట్లే ఉంది నాయనా."

"పెద్దమ్మా, ఆగు ఆగు. ఆయన ఈ టౌన్లో యాభై ఏండ్లు బతికినాడు. మనలాగే ముందు నుంచే చూసి రాసి ఉండొచ్చు గదా? గొర్రెలు కాసింది చిన్నప్పుడు ఎప్పుడో!"

"నువ్వు ఫోటోలు తీస్తావు గాబట్టి నీకు అన్నీ మూతి దిక్కునుంచే కనపడతాయిలే" అని శ్రీశైలమ్మ టీ పొయ్యడం మొదలుపెట్టింది. అంత గండంలోనూ నాకు నవ్వొచ్చింది.

కానీ ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. తల్లి చెప్పింది గొర్రెల సంగతి. ఇది పెట్టె. మొదటి పెట్టెకు మధ్యన అప్పుడే పెచ్చు లేచింది. ఇప్పుడు రెండోదాన్ని పగలగొట్టాక తల్లి మాటే తప్పు అని తేలితే? పోయేది మళ్లీ రాదు. మూడో రకం మోహన్‌కృష్ణ చేతిలో మిగిలిపోతుంది, ఆయన దాన్ని ఇక ముట్టనివ్వడు. అరుణ చచ్చేదాకా మోటర్లు చుట్టుకుంటూ ఉంటుంది. ఆమె ముఖంలో అదంతా కనపడుతోంది.

ఆమె దుకాణం మూలకు వెళ్లింది. యల్లయ్య కూర్చునే పాత స్టూలు అక్కడే ఉంది. దాని మీద కూర్చుంది. ముందున్న ఖాళీ బల్లను చూసింది. బల్ల అవతల వీధి. తర్వాత ఒక్క ఉదుటున లేచింది.

"పెద్నాయనా! నువ్వు చెప్పు. నాయన రేడియో రిపేరు చేసేటప్పుడు రేడియో మూతి ఎటుండేది?"

నలభై ఏళ్లు చూశాను. చెప్పడానికి క్షణం పట్టలేదు. "వీధి వైపు. నాకు ఎప్పుడూ రేడియో ముఖమే కనపడేది. వాడికి వెనక భాగం."

"అదే! రేడియో అట్ట ఎనకనే గదా ఊడదీసేది. మెకానిక్కు అనేటోడు ఎప్పుడూ రేడియో ఎనకనే కూర్చుంటాడు. గొర్రెల కాడ ఎనక, రేడియో కాడ ఎనక! నాయన బతుకంతా ఎనక నిలబడే చూసినాడన్నా! నేను మోటర్ల దాన్ని గాబట్టి దాని మూతి నా దిక్కు పెట్టుకున్నా." ఆమె మోహన్‌కృష్ణ ఎదుట చేతులు చాపింది. "ఆ పెట్టె ఇయ్యి."

ఆయన ఇవ్వలేదు. పెట్టెను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. "తప్పయితే?"

"తప్పయితే ఈ ఉలితో నన్ను కొట్టు."

"నిన్ను కొడితే నాకు పాట వినపడతదా?" అన్నాడు గానీ, చేతులు వదులయ్యాయి. పెట్టె బల్ల మీదకు వచ్చింది. ఈసారి కళ్లు మూసుకోలేదు.

మూడు దెబ్బలు. పలక పొరలు పొరలుగా విచ్చుకుంది. కింద నల్లటి తారు అద్దంలా మెరిసింది. మోటర్ల వార్నిష్ ఆరబెట్టే వేడిగాలి మిషనును అరుణ దాని మీదకు తిప్పింది. తారు వాసన దుకాణం నిండా కమ్ముకుంది. మెత్తబడిన చోటల్లా చెంచాతో తోడుతోంది. నల్లటి ముద్దలు పాత పేపరు మీద పడుతున్నాయి. మోహన్‌కృష్ణ వంగి చూస్తున్నాడు, శ్రీశైలమ్మ వంగి చూస్తోంది, నేను కళ్లద్దాలు సర్దుకుని ముగ్గురి తలల మధ్య నా తల దూర్చాను.

ముందు తీగలు, తర్వాత రెండు కెపాసిటర్లు. "ఇవి మొదటి రకంలో కూడా ఉండాయి" అంటోంది. ఇంకా తోడింది. చెంచాకు ఏదో గట్టిగా తగిలింది. నిమ్మకాయంత రాగి చుట్ట, దాన్ని ఇరువైపులా ఇనప రేకులు పట్టుకుని ఉన్నాయి. దాని పక్కనే ఇంకొకటి.

"ట్రాన్స్‌ఫార్మర్లు!" అరుణ గొంతు కీచుమంది. "చిన్నవి, ఒక్కో చెవికి ఒక్కొక్కటి! మొదటి రకంలో ఇవి లేవు పెద్నాయనా. వాల్వుకూ హెడ్‌ఫోనుకూ మధ్య వీటిని పెట్టినాడు. అందుకే ఏ హెడ్‌ఫోను పెట్టినా అంత బాగా పాడేది!"

"మూడో రకమేనా?" మోహన్‌కృష్ణకు అదొక్కటే కావాలి. "రెండో రకంలో కూడా ఇవి ఉంటాయేమో?"

ఆమె ఒక చుట్టను బయటికి తీసి, దాని పై పొరను గోటితో మెల్లగా లేపుతోంది. తీగ వరసకూ వరసకూ మధ్య మైనంలో ముంచిన కాగితం ఉంది. సన్నటి గీతల కాగితం. దాని మీద నీలం సిరాతో అక్షరాలు.

"నల్లరేగడి... నేలలు..." అని చదివింది. ఇంకో పొర లేపింది. "తుంగభద్ర." అంతే, చుట్టను పట్టుకుని కింద కూలబడింది.

"ఏమయింది చెల్లెమ్మా?"

"ఇది నా రాత. నా టెన్త్ సోషల్ నోట్సు." ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "ఐటీఐలో ఉన్నప్పుడు నాయన నన్ను కూర్చోబెట్టి చుట్టించినాడు. ఊరికే చెయ్యి తిరగడానికి అన్నాడు. ఒక్కోదానికి రెండువేల నాలుగు వందల చుట్లు. తీగ ఒకదాని మీద ఒకటి అతుక్కుపోకుండా వరసకొక కాగితం పెట్టినా. అది చూసి ఎంత తిట్టినాడని! 'ఇది వైండింగా, పిచ్చుక గూడా? ఇంత లావు చుడతారా ఎవురన్నా?' అని డబ్బాలో విసిరికొట్టినాడు. పారేసినాడనుకున్నా."

"ఎన్ని చుట్టినావమ్మా?" అన్నాను.

"ఎనిమిది."

ఎనిమిది చుట్టలు. పెట్టెకు రెండు. నాలుగు పెట్టెలు. లెక్క మా నలుగురికీ ఒకేసారి తట్టింది. మోహన్‌కృష్ణ "ఓరి దేవుడో" అని తల పట్టుకున్నాడు. సరుకు అయిపోయిందని యల్లయ్య చెబుతూ వచ్చిన సరుకు ఇదే. ఆ కాగితాల వల్లే పాటలో సన్నటి శబ్దాలు నలిగిపోకుండా వచ్చేవని తర్వాత అరుణ నాకు విడమరిచి చెప్పింది.

"మరి తిరిగొచ్చినాక నన్ను అడగొచ్చు గదా మా? ఇంకో పది చుట్టమని?"

శ్రీశైలమ్మ చల్లారిన టీ గ్లాసు చేతిలో తిప్పుతూ నిలబడింది. "ఎట్ల అడుగుతాడు? పిచ్చుక గూడు అని తిట్టినోడు. నేను చెప్పినా, అడుగయ్యా, కూతురే గదా అని. రేపు అడుగుతా, రేపు అడుగుతా అన్నాడు. అట్లనే పోయినాడు." కొంగుతో ముక్కు తుడుచుకుని వెంటనే గదిమింది. "కింద కూర్చోని ఏంది చేస్తాండావు? ఆయన కాడ తీగ మిగిల్లేదా?"

ఉంది. పైఅరలో రేకు డబ్బాలో వెంట్రుకంత సన్నటి రాగి తీగ ఉండ ఒకటి అట్లాగే ఉంది. అరుణ చేతుల తారు కిరోసిన్‌తో కడుక్కుంది. చేతితో తిప్పే పాత చుట్టే మిషనును మోటర్ల పక్క నుంచి లాక్కొచ్చి, తండ్రి బల్ల మీద, తండ్రి స్టూలు ముందు పెట్టుకుంది. కాగితం కోసం చుట్టూ చూసింది. నా చేతిలో పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకున్న పాత నోటుపుస్తకం కాగితం కనపడగానే చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

మోహన్‌కృష్ణ పగిలిన పలక ముక్కలు ఏరుతూ, "చెల్లెమ్మా, కొత్తదానికి మాత్రం ముందు పక్కనే అంకె వెయ్యి, నీకు పుణ్యముంటది" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. ఎడమచెయ్యి పైకెత్తి ఆగమన్నట్టు చూపించింది. కుడిచెయ్యి పిడిని తిప్పుతోంది. పెదవులు కదులుతున్నాయి.

"నూట పన్నెండు... నూట పదమూడు..."

మేం ముగ్గురం నోరు మూసుకున్నాం.